గుండు నుంచి పిలక దాకా: ఒక ఫోన్ స్టాండు సమీక్ష

స్టాండు మంచిదే. దానితో వచ్చిన ఫోన్ హోల్డరు పనికిరాదు. రిమోటు ఒకటి రెండు తిక్కలున్నా పనిచేస్తుంది. రింగ్ లైటు ఇప్పుడు మా అత్తయ్య కుట్టుమిషను దగ్గర ఉంది, ఆవిడ చాలా సంతోషంగా ఉన్నారు. రోజూ మన ఫోటో మనమే తీసుకుందామనుకుని ఇలాంటి సెట్టు కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. మిగతాది తీరిక ఉన్నవాళ్ళు చదువుకోండి.

బ్రాండు పేరు రాయడం లేదు. ఇదే వస్తువు, ఇదే నల్ల రంగు, ఇదే అట్టపెట్టె, నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు. పేరు చెప్తే మీరు దాన్నే వెతుకుతారు, అది ఉండదు. అల్యూమినియం కాళ్ళు, మూడు మడతలు, పూర్తిగా లాగితే నా ఎత్తుకి కొంచెం ఎక్కువ. దానితో ఒక ఫోన్ హోల్డరు, ఒక బ్లూటూత్ రిమోటు, చక్రంలా ఉండే పది అంగుళాల రింగ్ లైటు, భుజానికి తగిలించుకునే ఒక సంచి. అన్నీ కలిపి 1,399 రూపాయలు.

ఎందుకు కొన్నానో చెప్తే తప్ప ఏది బాగుందో ఏది బాగాలేదో అర్థం కాదు. పోయిన అక్టోబరులో తిరుమలలో తలనీలాలు ఇచ్చాను. అమ్మ ఆపరేషనుకి మొక్కుకున్న మొక్కు. "మూడు కత్తెర్లు ఇస్తే చాలదా, కాలేజీకి ఎలా వెళ్తావు" అని అత్తయ్య అన్నారు కానీ, మొక్కుకున్నప్పుడు మూడు కత్తెర్లు అనుకోలేదు కదా. కల్యాణకట్టలో పని అయిపోయాక గంధం రాసుకుని బయటికి వచ్చి ఫోన్‌లో చూసుకుంటే, నలభై ఆరేళ్ళుగా నాతోనే ఉన్న తల ఇలా ఉంటుందా అనిపించింది. చెవి వెనక ఒక మచ్చ ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఇక ఇది మళ్ళీ ఎలా పెరుగుతుందో చూడాలనిపించింది. జుట్టు నెలకి ఇంచుమించు సెంటీమీటరు, సెంటీమీటరుంపావు పెరుగుతుంది. అంటే రోజుకి అర మిల్లీమీటరు కూడా ఉండదు. అద్దంలో కనబడదు. ఫోటోల్లో కనబడాలంటే జుట్టు తప్ప ఇంకేమీ మారకూడదు. నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను. ఒక్క చలరాశిని మాత్రం వదిలి మిగతావన్నీ స్థిరంగా పెట్టడం మాకు కొత్తేమీ కాదు.

ఇక్కడ రెండు దారులున్నాయి. న్యూయార్క్‌లో నోవా కలీనా అనే 19 ఏళ్ళ కుర్రాడు 2000 జనవరి 11న మొదలుపెట్టి రోజూ చేయి చాచి కెమెరా పట్టుకుని తన ముఖం తానే తీసుకున్నాడు. 2006లో ఆరేళ్ళ ఫోటోలు కలిపి వీడియోగా పెడితే ప్రపంచమంతా చూసింది. అందులో ముఖం మధ్యలోనే ఉంటుంది, ఏ భావమూ ఉండదు, వెనకాల గదులు మాత్రం చకచకా మారిపోతుంటాయి. రెండో దారి బోస్టన్‌లో ఫోటోగ్రఫీ చెప్పే కార్ల్ బాడెన్‌ది. ఆయన 1987 ఫిబ్రవరి 23న మొదలుపెట్టారు, ఫిల్ము రోజుల్లో. అదే కెమెరా, అదే ట్రైపాడు, వెనక అదే తెలుపు, అదే లైటింగ్. ముఖం తప్ప ఏదీ మారకూడదన్నది ఆయన పట్టుదల.

కలీనా వీడియో చూడ్డానికి సరదాగా ఉంటుంది, అందులో మనిషి బతుకు కూడా కనబడుతుంది. ఊళ్ళు తిరిగేవాళ్ళకి, హాస్టల్లో ఉండే పిల్లలకి అదే నయం, పైసా ఖర్చు లేదు. కానీ వెంట్రుకల లెక్క తేలాలంటే బాడెన్ పద్ధతే. అందుకే స్టాండు.

చేత్తో పట్టుకుని తీసుకోకపోవడానికి ఇంకో కారణం ముక్కు. సెల్ఫీలో ముక్కు లావుగా వస్తుందని మా అమ్మాయి ఎప్పుడూ గోల చేస్తుంది, ఫోన్ బాగాలేదంటుంది. ఫోన్ తప్పేం లేదు, దూరం తప్పు. ముక్కు కొస నుంచి చెవి దాకా ఓ 12 సెంటీమీటర్లు అనుకోండి. ఫోన్ 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 62 దగ్గర ఉంటుంది. 62ని 50తో భాగిస్తే 1.24, అంటే చెవితో పోలిస్తే ముక్కు 24 శాతం పెద్దగా పడుతుంది. అదే ఫోన్‌ని మీటరున్నర దూరం జరిపితే 162 బై 150, అంటే 8 శాతమే. ఎదుటివాళ్ళు మనల్ని చూసే ముఖం ఇంచుమించు అదే. చేయి రోజూ ఒకేలా చాపలేం కాబట్టి ముక్కు ఒకరోజు పెద్దది, ఒకరోజు చిన్నది అవుతుంది. స్టాండు మీటరున్నర దూరంలో పెట్టి, వెనక కెమెరాలో రెండు రెట్ల జూమ్ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. ముందు కెమెరా కంటే వెనక కెమెరా ఎటూ మెరుగే.

ఇక అసలు వస్తువు. కాళ్ళు గట్టివే. మడతల దగ్గర ఉండే క్లిప్పులు ప్లాస్టిక్కువి, చూస్తే భయమేస్తుంది కానీ ఇంతవరకు ఒక్కటీ విరగలేదు. దానికి కారణం నేను వాటిని మళ్ళీ మళ్ళీ తీసి పెట్టకపోవడమే అనుకుంటా. ఈ స్టాండుని రోజూ మడిచి సంచిలో పెట్టి మర్నాడు మళ్ళీ విప్పేవాళ్ళకి క్లిప్పులు ఎన్నాళ్ళు ఆగుతాయో నేను పూచీ పడను. అంతకుముందు ఆ ఓపిక ఎన్నాళ్ళు ఆగుతుందో మీరు చూసుకోండి. ఉదయం పాలు, టిఫిను, బాక్సులు, 7:40కి ఫోటో, 8 గంటలకి బండి. ఇందులో స్టాండు విప్పి ఎత్తు సరిచూసుకునే టైం ఎవరికుంది? ఇది ఇంట్లో ఒక మూల శాశ్వతంగా నిలబడి ఉండాలి. అంత చోటు లేకపోతే కొనకండి. కాళ్ళు పూర్తిగా విప్పితే ఒక కుర్చీ పట్టేంత జాగా తింటుంది.

స్టాండు మధ్య కడ్డీ కింద ఒక చిన్న కొక్కెం ఉంది. అట్టపెట్టె మీద దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. అది బరువు తగిలించడానికి. పైన ఫోన్ పెట్టాక స్టాండు తల బరువుగా ఉండి, ఫ్యాను గాలికే వణుకుతుంది. కొక్కేనికి రెండు కిలోల కందిపప్పు పొట్లం గుడ్డసంచిలో వేసి తగిలించాను. అంతే, ఫ్యాను అయిదులో ఉన్నా కదల్లేదు. పప్పు అయిపోయి పొట్లం తీసేస్తే దాని బదులు ఇంకోటి పెట్టాలని మా ఆయనకి నేర్పడానికి కొంత కాలం పట్టింది.

అసలు శత్రువు గాలి కాదు, తడిగుడ్డ. మా పనమ్మాయి గది తుడిచేటప్పుడు స్టాండుని ఎత్తి పక్కన పెట్టి, తుడిచాక చాలా బాధ్యతగా తిరిగి పెట్టేది, కాకపోతే జానెడు ఇటు. కాళ్ళ కింద నేల మీద టేపు అంటిస్తే తడికి ఊడొచ్చింది. చివరికి గ్రానైటు మీద గోళ్ళ రంగుతో మూడు చుక్కలు పెట్టాను, నేను నిలబడే చోట పాదాలకి రెండు గీతలు. ఇప్పుడు తనే "మేడమ్, చుక్కల మీదే పెట్టా చూస్కోండి" అని కేకేసి చెప్తుంది. గోళ్ళ రంగు ఎన్ని తుడుపులకైనా పోలేదు. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను పెట్టిన అతి తక్కువ ఖర్చు, అతి ఎక్కువ లాభం అదే.

హోల్డరు సంగతి. స్ప్రింగుతో రెండు దవడలు ఫోన్‌ని పట్టుకునే రకం. మొదటి లోపం, ఆ దవడ సరిగ్గా ఫోన్ పక్కనున్న పవర్ బటన్ మీదే కూర్చుంటుంది. పైకి జరిపితే వాల్యూమ్ బటన్ మీద. ఫోన్‌ని తిప్పి పెట్టి, కవరు తీసి, నానా తంటాలు పడాలి. రెండో లోపం ఇంకా పెద్దది. హోల్డరుని స్టాండుకి బిగించే మర లోపల ప్లాస్టిక్. ఫోన్ నిలువుగా పెడితే బరువుకి కొద్దికొద్దిగా ముందుకి వాలుతుంది. ఒక్క రోజులో తెలియదు. వారం ఫోటోలు వరసగా వేసి చూస్తే నా ముఖం రోజుకింత పైకి జరుగుతుంటుంది. ఫోన్ కిందికి వాలితే మనం ఫ్రేములో పైకి పోతాం, మొదటి నెల ఫోటోల్లో నా గుండు పైభాగం అంచుకి తగులుతోంది. గుండు పెరగడం చూద్దామని మొదలుపెట్టిన పనిలో గుండే కత్తిరించబడితే ఏం లాభం?

అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే ఏడు రోజుల్లో అయితే మార్చేవాళ్ళమన్నారు. ఏడు రోజుల్లో ఈ వాలుడు బయటపడదు. సరే అని బ్రాడీపేటలో ఒక మొబైల్ సామాన్ల కొట్లో మొత్తం లోహంతో చేసిన, మర తిప్పి బిగించే హోల్డరు 280కి తీసుకున్నాను. ఈ మరలు ఇంచుమించు అన్నీ పావు అంగుళం కొలతవే, మామూలు కెమెరాల దగ్గర్నుంచి ఫోన్ స్టాండ్ల దాకా ప్రపంచమంతా ఎక్కువగా అదే వాడతారు, కాబట్టి చాలావరకు ఏ హోల్డరైనా ఏ స్టాండుకైనా పడుతుంది. అది పెట్టాక వాలడం ఆగింది.

రిమోటు బొటనవేలంత ఉంటుంది, గుండ్రటి సీఆర్ 2032 సెల్లు వేసుకోవాలి. ఇది పనిచేసే పద్ధతి తెలిస్తే దాని తిక్కలు అర్థమవుతాయి. ఇది ఫోన్ దగ్గరకెళ్ళి "నేనొక కీబోర్డుని" అని చెప్పుకుంటుంది. నొక్కితే వాల్యూమ్ బటన్ నొక్కినట్టు కబురు పంపుతుంది, అంతే. అందుకని మీ కెమెరా సెట్టింగుల్లో వాల్యూమ్ బటన్‌కి జూమ్ పని అప్పజెప్పి ఉంటే రిమోటు నొక్కినప్పుడు ఫోటో పడదు, జూమ్ అవుతుంది. రిమోటు పాడైందని తిప్పి పంపేముందు ఆ సెట్టింగు ఫోటోకి మార్చి చూడండి. ఇంకో తిక్క, రిమోటు కలిసి ఉన్నంతసేపు నా ఫోన్‌లో టైప్ చేద్దామంటే తెర మీద కీబోర్డు రాదు. నిజం కీబోర్డు ఉంది కదా, నీకెందుకులే అనుకుంటుంది ఫోన్. రిమోటు ఆపేయడం మర్చిపోయి కాలేజీ గ్రూపులో ప్రిన్సిపాల్ గారి మెసేజ్‌కి జవాబు కొట్టలేక టెన్షన్ పడ్డ ఉదయాలున్నాయి. రిమోటు లేకపోతే మూడు సెకన్ల టైమర్ ఉంది, కొన్ని ఫోన్లలో అరచేయి చూపిస్తే తీసుకుంటుంది. కానీ టైమర్ నొక్కి గీతల మీదకి పరిగెత్తి నిలబడితే ముఖంలో ఆ పరుగు తెలుస్తుంది. రిమోటుకి నా ఓటు.

రింగ్ లైటు మాత్రం ఈ పనికి దండగ. నేను కళ్ళజోడు పెట్టుకుంటాను. రెండు అద్దాల్లో రెండు తెల్లటి గుండ్రాలు పడి కళ్ళే కనబడవు. కళ్ళజోడు లేనివాళ్ళకి కూడా కంటిపాపలో ఆ చక్రం వస్తుంది. అది కొందరికి ఇష్టం, నాకు కాదు. వెలుగు తగ్గిస్తే నా దానిలో ఫోటో మీద అడ్డంగా నల్లటి చారలు పడ్డాయి. దీపం మన కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటే కెమెరాకి అలా కనబడుతుంది. ట్యూబులైటుతో కూడా ఇదే బాధ. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. కెమెరా సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెడితే ట్యూబులైటు చారలు పోతాయి. రింగ్ లైటువి మాత్రం అలా కూడా పోలేదు.

ఉత్తరం వైపు కిటికీ వెలుగు మంచిదని ఫోటోగ్రఫీ చెప్పే వాళ్ళందరూ అంటారు, నేరుగా ఎండ పడదు, నీడలు మెత్తగా ఉంటాయని. ఆ మాట చలిదేశాల వాళ్ళది. గుంటూరు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, కర్కట రేఖకి దక్షిణాన. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపే ఉంటాడు. పొద్దున్న పూట అయితే మార్చి దాటిన దగ్గర్నుంచి సెప్టెంబరు దాకా తూర్పుకి కాస్త ఉత్తరంగానే ఉదయిస్తాడు. మాది ఉత్తరపు కిటికీయే. డిసెంబరు, జనవరిల్లో ఫోటోలు పాలలా వచ్చాయి. మే వచ్చేసరికి అదే 7:40కి ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి ఎడమ చెంప మీద గీత గీసినట్టు పడింది. మామయ్య గారి పాత మల్లు పంచె ఒకటి కిటికీకి కట్టాను. ఎండ పంచె మీద పడి గదంతా ఒకే తెలుపుగా పరుచుకుంది. స్టూడియోల్లో ఈ పనికి పెద్ద పెద్ద తెల్లగుడ్డ పెట్టెలు వాడతారు. వర్షాకాలం మబ్బు రోజుల్లో పంచె తీసేస్తాను. ఇంత చేసినా, మబ్బు రోజు ఫోటో కొంచెం నీలంగానే ఉంటుంది, దాన్ని నేను వదిలేశాను.

వదిలేయకూడనిది ఫోన్ తెలివి. ఆటోలో పెడితే ఫోన్ ప్రతిరోజూ తన బుర్ర వాడుతుంది. కనకాంబరం రంగు చీర కట్టుకుంటే గోడని నీలంగా మారుస్తుంది, నల్ల చున్నీ వేసుకుంటే ముఖాన్ని తెల్లగా కొడుతుంది. నున్నటి గుండు మీద వెలుగు మెరిస్తే ముఖాన్ని నల్లగా చేసేస్తుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్సు, అంటే తెలుపు తెల్లగానే కనబడేలా రంగులు సరిచేసే సెట్టింగు, ఒక అంకె దగ్గర కట్టేయండి, నాది 5,000 కెల్విన్. బ్యూటీ ఫిల్టరు పూర్తిగా ఆపేయండి. అది ఉంటే నెల తిరిగేసరికి గుండు మీద మొలకలు కూడా మొటిమలనుకుని తుడిచేస్తుంది. ప్రో మోడ్ లేని చాలా ఫోన్లలో తెర మీద ముఖం దగ్గర వేలు అదిమి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. అది కూడా చాలు.

గ్రిడ్ గీతలు వేసుకుని రెండు కళ్ళూ పై గీత మీదకి వచ్చేలా నిలబడతాను. వెనక కెమెరా కాబట్టి మనకి తెర కనబడదు. ఎదురుగా స్టాండు వెనక గోడకి చిన్న అద్దం వేలాడదీసి, అందులో ఫోన్ తెర చూసుకుంటాను. నిన్నటి ఫోటోని పల్చగా చూపించి దాని మీదే ఇవాళ్టి ముఖం సరిపెట్టుకోమనే ఆప్‌లు కూడా ఉన్నాయి. అవి మంచివే కానీ నేను వేసుకున్నదాంట్లో ప్రో మోడ్ లేదు, తీసేశాను. ఏ ఆప్ వాడినా సరిపోల్చుకోవాల్సింది కళ్ళతోనే. బొట్టుతో సరిపోల్చుకుంటే మోసపోతారు. నేను రోజూ ఒకే చోట బొట్టు పెట్టుకుంటాననే నమ్మకంతో ఉండేదాన్ని. వీడియో చేసి చూస్తే బొట్టు నుదుటి మీద ఈగలా అటూ ఇటూ గెంతుతోంది.

వీడియో అంటే పెద్ద పనేం కాదు. సెకనుకి పది ఫోటోల చొప్పున వేస్తే ఏడాది మొత్తం ముప్ఫై ఆరు సెకన్లు. ఒక్కో ఫోటో నాలుగు ఎంబీ అనుకున్నా ఏడాదికి జీబీన్నర లోపే, కాబట్టి మెమరీ కోసం కొత్త ఫోన్ కొనాలని ఇంట్లో ఎవరైనా అంటే నమ్మకండి. వాట్సాప్‌లో మనకి మనమే పంపుకుని దాచుకోవద్దు, అది ఫోటోని నలిపేస్తుంది. నెలకోసారి కంప్యూటర్లోకి ఎక్కించి, పేరులో తేదీ ముందు ఏడాది, తర్వాత నెల, ఆ తర్వాత రోజు వచ్చేలా పెట్టుకుంటే వరస చెడదు.

కనబడిందేమిటంటే, మొదటి రెండు వారాలు పెద్దగా ఏమీ లేదు. మూడో వారం నుంచి తల నీలంగా మారింది. ఆ తర్వాత చెవుల పైన తెల్లటి చుక్కలు, ముందు ఎడమ వైపు. జుట్టున్నప్పుడు పాపిట దగ్గర రంగేసుకుంటూ నెరుపు అక్కడే ఉందనుకున్నాను. మొలకల దశలో అసలు నెరుపు ఎక్కడుందో పటం గీసినట్టు తెలిసింది. పాపిట దగ్గర ఏమంత లేదు, కణతల దగ్గర మాత్రం బోలెడు. సంక్రాంతి సెలవుల ఫోటోల్లో జుట్టు నిటారుగా నిలబడి ఉంది, ఏం చేసినా పడుకోదు. "తిరుపతి లడ్డూ ఏది మేడమ్" అని అడిగిన పిల్లలే అప్పుడు "హెయిర్ స్టైల్ సూపర్ మేడమ్" అన్నారు. మార్చి పరీక్షల నాటికి బరువుకి వాలడం మొదలైంది. ఇప్పుడు చెవులు దాటి, గట్టిగా లాగి రబ్బరు బ్యాండు వేస్తే వెనకాల పిలక నిలుస్తోంది.

ఊరెళ్ళినప్పుడు ఏం చేస్తారని అడుగుతారు. పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు ఎక్కడ కిటికీ దొరికితే అక్కడ, చేత్తోనే తీసేసుకుంటాను. స్టాండు మోసుకెళ్ళను. వీడియోలో ఆ రోజులు ఒక్క మెరుపు మెరిసి పోతాయి, వెనకాల ఎవరిదో తోరణం, ఎవరిదో మేనమామ. బాడెన్ గారు ఒప్పుకోరు గానీ నాకు అవి కూడా నచ్చాయి.

అయిదుకి ఎన్ని మార్కులంటే, కాళ్ళకి నాలుగు, రిమోటుకి మూడున్నర, హోల్డరుకి ఒకటి. రింగ్ లైటుకి అత్తయ్య అయిదు ఇచ్చారు, సూదిలో దారం ఎక్కించడానికి ఇంతకంటే మంచి దీపం లేదట. దొరికితే రింగ్ లైటు లేని సెట్టు తీసుకోండి, మూడు నాలుగు వందలు తగ్గుతుంది, ఆ డబ్బుతో లోహపు హోల్డరు వస్తుంది. హోల్డరు మాత్రం ఆన్‌లైన్‌లో వద్దు. మీ ఫోన్ కవరుతో సహా కొట్టుకి తీసుకెళ్ళి, నిలువుగా బిగించి, పక్క బటన్ల మీద దవడ పడటం లేదని చూసుకుని డబ్బులివ్వండి.